ఇంటి మొహం

దంతవైద్యుడు ఆల్బమ్‌ని కౌంటర్ మీద పడేసి వెళ్ళిపోయిన చప్పుడు దగ్గర పోయిన వారం కథ ఆపాం. ఆ చప్పుడు ఇంకా ఫొటో షాపులోంచి పోలేదు.

నిజానికి ఆయన తప్పేం లేదు. వాళ్ళమ్మగారి పుట్టినరోజుకి ముచ్చటపడి ఇంటిల్లిపాదికీ ఫొటోలు తీయించాడు, పెద్ద ఆల్బమ్ వేయించుకున్నాడు. తీరా విప్పి చూస్తే ఆవిడ తెల్లజుట్టు నీలంగా ఉంది. మనవలు, మనవరాళ్ళు అప్పుడే చెరువులోంచి తీసినవాళ్ళలా ఉన్నారు. "మా అమ్మ జుట్టుకి నీలిమందు పెట్టారా?" అని నవ్వుతూనే అడిగాడు. నవ్వుతూ అడిగే పళ్ళ డాక్టరంటేనే ఎవరికైనా ఎక్కువ భయం. షాపు యజమాని చెల్లెలు చిట్టి ఆయన్ని మేడ మీదికి తీసుకెళ్ళి, కంప్యూటర్ తెర మీద అదే ఫొటో చూపించింది. అక్కడ ఆవిడ జుట్టు దూదిలా తెల్లగా ఉంది. "అదిగో, నాకు అదే కావాలి" అన్నాడాయన. తెరని ఊడదీసి ఆల్బమ్‌లో అంటించలేరు కదా. ఇవాళ సాయంత్రం వస్తాననీ, తెర మీద ఉన్నట్టే కాయితం మీద ఉంటే తీసుకుంటాననీ, లేకపోతే వేరే షాపు చూసుకుంటాననీ చెప్పి వెళ్ళాడు.

ఆయన గుమ్మం దాటాక అన్నయ్య అన్న మాటే చిట్టిని ముల్లులా గుచ్చుతోంది.

"నీ కన్ను పోయింది చిట్టీ" అన్నాడు. కేకలు వేసినా బాగుండేది, మెల్లగా అన్నాడు. "సాయంత్రానికి ఇది కుదరకపోతే మెషిన్ అమ్మినవాళ్ళు చెప్పిన టెక్నీషియన్ని పిలిపిస్తా. తెర అతను చూసుకుంటాడు. నువ్వు కౌంటర్లో మీ వదినకి సాయం కూర్చుందువుగాని."

చిట్టి పేరుకే చిట్టి. తలలో రెండు మూడు తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి. ఇంట్లో చివరిది కాబట్టి ఆ పిలుపు అలా ఉండిపోయింది. షాపు నాన్న పెట్టింది. నాన్న పోయాక కింద ప్రింటు మెషిన్ అన్నయ్యది, కౌంటర్ వదినది, మేడ మీద ఫొటోల రంగులు దిద్దే తెర చిట్టిది. ఆ గది గోడలకి బూడిదరంగు తప్ప మరో రంగు లేదు. కిటికీకి నల్లటి తెరచీర. రంగు బట్టలు కట్టుకుని కూర్చుంటే ఆ రంగు తెర మీద తళుక్కుమంటుందని, ఎంత ఎండగా ఉన్నా ముదురు బూడిదరంగు కోటు తొడుక్కునే పనిచేస్తుంది. ఇరుగుపొరుగు ఆవిణ్ణి పిల్లిమీదా ఎలుకమీదా పెట్టి ఎన్ని మాటలన్నా పట్టించుకోలేదు. పెళ్ళి వద్దనుకుంది, వేరే ఉద్యోగం వద్దనుకుంది, ఆ గది మాత్రం వద్దనుకోలేదు. ఆ గది పోతే తనకి ఇంకేం మిగలదని ఆవిడకి బాగా తెలుసు.

ఇద్దరి మధ్యా తగువు ఎక్కడ మొదలైందో చెప్పాలంటే, ఆ ఇంట్లో నాన్న పెట్టిన ఆనవాయితీ ఒకటి చెప్పాలి.

కొత్త మెషిన్ వచ్చినా, కొత్తరకం కాయితం వచ్చినా, ఇంట్లో మనిషి ఒకర్ని కూర్చోబెట్టి, చేతికి రంగుల కొలత కోసం బూడిదరంగు అట్ట ఒకటి ఇచ్చి ఫొటో తీసేవాడు నాన్న. ఆ ఫొటోని ప్రింటు చేసి, సరిగ్గా వచ్చేదాకా మెషిన్ని సవరించేవాడు. దానికి 'ఇంటి మొహం' అని పేరు. "అట్టదేముంది, మాసిపోతుంది. రోజూ చూసే మొహం మన కన్నుని మోసం చెయ్యదు" అనేవాడు. మొదట్లో అమ్మ మొహం ఉండేది. వదిన కాపురానికి వచ్చాక ఆవిడ మొహం వచ్చింది. పాత మెషిన్ మీద వేసిన వదిన ఫొటో ఇప్పటికీ మెషిన్ గదిలో గోడకి ఉంది. బుగ్గల్లో ఆ వయసు నిగారింపు కూడా అలాగే ఉంది.

కిందటి నెల కొత్త మెషిన్ దిగినప్పుడు అన్నయ్య ఎప్పటిలాగే వదినని కూర్చోబెట్టాడు. "నన్నెందుకండీ, ఈసారి చిట్టిని తియ్యండి" అందావిడ. "మొహం మారిస్తే కొలత మారిపోదూ?" అని అన్నయ్య వినలేదు. మొదటి ప్రింటులో వదిన మొహం పసుపుగా వచ్చింది. మెషిన్ పసుపు కొడుతోందని అన్నయ్య తేల్చాడు. కొంచెం కొంచెంగా పసుపు తగ్గిస్తూ, వదిన మొహం గోడ మీది పాత ఫొటోలా వచ్చేదాకా సవరించి చేతులు దులుపుకున్నాడు. ఆ రోజు నుంచి షాపులోంచి వెళ్ళే ప్రతి ఫొటో నీలం తిరుగుతూనే ఉంది.

మెషిన్లోనే తప్పుందని చిట్టి అంది. అన్నయ్య దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "మీ వదిన మొహం కాయితం మీద చక్కగా ఉంది. అదే మొహం నీ తెర మీద పసుపుగా ఉంది. మరి తప్పు తెరదా, మెషిన్‌దా? నీ తెర పసుపు చూపిస్తుంటే నువ్వు దానికి విరుగుడుగా నీలం పోస్తున్నావు." ఎన్ని రకాలుగా తిప్పి చూసినా ఆ వాదనలో చిట్టికి చిల్లు దొరకలేదు. తెర మీద వదిన మొహం పసుపుగా ఉన్న మాట నిజం. తన కన్ను నిజంగానే పోయిందేమోనని మొదటిసారి భయం పట్టుకుంది.

ఇవాళ మధ్యాహ్నం అన్నయ్య కాయితం రోల్ తేవడానికి బజారుకి వెళ్ళాడు. చిట్టి తన గదిలో కూర్చుని, ఆ గది పోయేముందు ఆఖరిసారిగా అన్నట్టు, ఇంటి మొహాన్ని తెర మీద పెట్టుకుంది. చూస్తుంటే ఒక సంగతి తట్టింది. ఇందులో అట్ట లేదు. గడ్డం కిందికి కత్తిరించి ఉంది. అన్నయ్య ఎప్పుడూ అంతే. అట్ట పట్టుకున్న ఫొటో జైల్లో ఖైదీ ఫొటోలా ఉంటుందని, పెళ్ళాన్ని అలా చూడలేనని, మొహం వరకే ఉంచి మిగతాది కోసేస్తాడు. ఆ ప్రేమకి ఇంట్లో అందరూ నవ్వుకునేవాళ్ళు.

కోయని ఫొటో కెమెరా కార్డులో అలాగే ఉంది. తెరిచింది. వదిన తెల్ల కాలరు చొక్కా, గుండెల దగ్గర అట్ట, ఒద్దికగా పట్టుకున్న రెండు చేతులూ కనిపించాయి. సొరుగులోంచి నాన్న అట్టని తీసి తెర పక్కన నిలబెట్టింది. పక్కనున్న అట్టా తెర మీది అట్టా ఒకే బూడిదరంగు. కాలరు తెల్లగా ఉంది. తెరలో పసుపన్నది ఎక్కడుంది? ఎక్కడా లేదు!

గబగబా కిందికి దిగింది. వదిన కౌంటర్ దగ్గర ఎవరికో పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించి ఇస్తోంది. మెషిన్ గదిలోకి దూరి రెండు ప్రింట్లు వేసింది. ఒకటి అన్నయ్య సవరింపుతో, రెండోది సవరింపు తీసేసి. తడి ఆరనిచ్చి, రెండూ పట్టుకుని మళ్ళీ మేడెక్కి, పగటి వెలుగులాంటి వెలుగునిచ్చే దీపం కింద పెట్టి చూసింది. అన్నయ్య ప్రింటులో వదిన మొహం నిగనిగలాడుతోంది గానీ, అట్ట నీలం, కాలరు నీలం. రెండోది తెర మీద ఉన్నట్టే అచ్చు గుద్దినట్టు వచ్చింది. అట్ట అట్టలా, తెలుపు తెలుపులా. ఇన్నాళ్ళూ ఏ ఫొటోకీ జరగనిది, తెరా కాయితమూ ఒకే మాట చెప్పడం, ఇప్పుడు జరిగింది.

"నా కన్నేం పోలేదు" అని పైకే అనేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అన్నయ్య రాగానే ఈ రెండూ ఆయన మొహాన పెట్టాలి. పెట్టి ఏమనాలో కూడా మాటలు అమర్చుకుంటూ, చిన్నపిల్లలా మెట్లు దిగుతోంది. తెర తప్పు కాదు. అట్ట సరిగ్గా ఉంది. కాలరు సరిగ్గా ఉంది. ఫొటోలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఒక్క వదిన మొహం తప్ప.

సగం మెట్ల మీద కాళ్ళు ఆగిపోయాయి.

రెండో ప్రింటుని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. కాలరు మీద లేని పసుపు మెడ మీద ఉంది. అట్ట మీద లేని పసుపు అట్ట పట్టుకున్న వేళ్ళ మీద ఉంది. అన్నిటికన్నా వదిన కళ్ళు, అందులో తెల్లగా ఉండాల్సిన చోటు, పాత పుస్తకం అంచులా ఉంది. ఏ మెషినూ మనిషి మీద మాత్రమే చూసి పసుపు పోయదు.

"ఏంటి చిట్టీ, కొంపలంటుకున్నట్టు దిగి అక్కడ బిగుసుకుపోయావ్?" వదిన కిందనుంచి అడిగింది. షాపులో ఇంకెవరూ లేరు. కౌంటర్ మీద పసుపు బల్బు వెలుగుతోంది. ఆ వెలుగులో గోడా, బల్లా, వదినా అన్నీ ఒకే రంగు. వదిన కళ్ళకి గోధుమరంగు అద్దాలున్నాయి.

చిట్టి మిగిలిన మెట్లు నెమ్మదిగా దిగింది.

"వదినా, ఈ బల్బు ఎప్పుడు మార్చావు?"

"గుర్తులేదమ్మా. తెల్లబల్బు కింద వచ్చినవాళ్ళ మొహాలు పీక్కుపోయినట్టు కనిపిస్తున్నాయని మార్చా. ఏం?"

"ఆ అద్దాలోసారి తియ్యి."

"వెలుతురు పడట్లేదని చెప్పాగా."

"వెలుతురెక్కడుంది వదినా ఇక్కడ? ముందు కిటికీకి కూడా తెరచీర కట్టించేశావు."

వదిన కత్తెర పక్కన పెట్టింది. బల్ల మీద పడ్డ కాయితం ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరి బుట్టలో వేసింది. అవి అయిపోయాక ఇంక ఏరడానికి ఏమీ లేక చిట్టి వైపు చూసింది.

"మీ అన్నయ్యకి చెప్పావా?"

ఆ ఒక్క ప్రశ్నతో ఇంకేం అడగక్కర్లేకపోయింది. చిట్టి కౌంటర్ అంచు పట్టుకుంది. "డాక్టర్ దగ్గరికి వెళ్ళావా?"

"వెళ్ళా. ఫొటో తీసిన మర్నాడే." వదిన సన్నగా నవ్వింది. "అప్పటిదాకా అలసట అనుకున్నా. ఆ మొదటి ప్రింటు చూశాక అద్దంలో చూసుకున్నా. మీ అన్నయ్య పాపం మెషిన్ని ఎన్ని తిట్లు తిట్టాడు! అందరికన్నా ముందు నిజం చెప్పింది అదొక్కటే."

"ఏమన్నారు?"

"కాలేయం దగ్గర ఏదో అడ్డు పడిందిట. రాయేమో, ఇంకోటేమో. పెద్దాసుపత్రిలో స్కాన్ తీస్తే గాని తెలీదన్నారు."

"తీయించావా?"

వదిన బుట్టని కాలితో బల్ల కిందికి నెట్టింది.

"నెల దాటింది వదినా!" చిట్టికి ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. "నెల రోజులు ఈ బల్బు కింద కూర్చుని అందరికీ ఫొటోలు కత్తిరించి ఇస్తున్నావా? నీకసలు మతుందా?"

"అరవకు. ఆయన వచ్చే వేళయింది." వదిన చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మామయ్యగారు పోయినప్పుడు ఏమైందో నీకు గుర్తులేదా? ఇంకా ఆయన మంచంలో ఉండగానే మీ అన్నయ్య పని మానేశాడు. పోయాక మెషిన్ గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు. తిండి కిటికీలోంచి అందించాం. వానాకాలమంతా షాపు తెరవలేదు. మళ్ళీ మనిషిని చేసేసరికి నా తాతలు దిగొచ్చారు. అందుకే అనుకున్నా, కొత్త మెషిన్ కాస్త కుదురుకోనీ, ఆయన మనసు కుదుటపడనీ, అప్పుడు చెబుదామని. అదేమో కుదురుకోదు, నేనేమో చెప్పలేను."

"ఎలా కుదురుతుంది వదినా?" అంది చిట్టి. "నీ మొహం పెట్టి కదా దాన్ని సవరించాడు. నీ మొహంలో పసుపు తీసెయ్యడానికి అందరి మొహాల్లోకీ నీలం పోస్తున్నాడు."

వదిన ఒక్క క్షణం తెల్లబోయింది. ఈ సంగతి ఆవిడకి ఇన్నాళ్ళూ తట్టలేదు. "అంటే... ఆ పళ్ళ డాక్టర్ వాళ్ళమ్మగారి జుట్టు..."

"నీ వల్లే."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ వదిన అద్దాల కింద చేయి పెట్టి కళ్ళు తుడుచుకుంది. తర్వాత చిట్టి చేయి గట్టిగా పట్టుకుంది. ఆ చేయి వేడిగా ఉంది.

"నాకో సాయం చెయ్యి చిట్టీ. తప్పు తెరదేనని ఒప్పేసుకో."

చిట్టికి అర్థం కాలేదు.

"ఆ టెక్నీషియన్ రానీ. అతను అట్ట చూసి సవరిస్తాడు. నా మొహం ముందు ఎలా ఉండేదో అతనికేం తెలుసు? మెషిన్ దారిలో పడుతుంది, షాపు నిలబడుతుంది. అప్పుడు నేనే మెల్లగా ఆయనకి చెప్పుకుంటా. నువ్వు కొన్నాళ్ళు నా పక్కన కూర్చో. అంతే కదా."

అంతే కదా అంది వదిన. నీ గది వదులుకో, నీ కన్ను పోయిందని ఒప్పుకో, అంతే కదా. అడుగుతున్నది ఇంకెవరైనా అయితే చిట్టి లేచిపోయేది. కానీ అమ్మ పోయాక తనకి జడ వేసిన చేతులు ఇవి. తన పెళ్ళి ఊసెత్తిన ప్రతివాళ్ళకీ, దాని ఇష్టం దానిదని ఎదురు నిలిచి చెప్పిన మనిషి ఈవిడ. ఆవిడ అడిగితే గది ఇచ్చెయ్యొచ్చు. కాదనే శక్తి చిట్టికి లేదు. అయితే ఆ 'కొన్నాళ్ళు' ఎవరి దగ్గరున్నాయి? మెషిన్ కుదురుకున్నాక ఇంకో సాకు దొరకదని ఏముంది?

గాజు తలుపు తోసుకుని, కాయితం రోల్ భుజాన పెట్టుకుని అన్నయ్య లోపలికొచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు. రోల్ కౌంటర్‌కి ఆనించి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏంటి, ఆడపడుచూ వదినా మంతనాలాడుతున్నారు? దొరికిందా తప్పు?"

వదిన చేయి చిట్టి చేతి మీద ఇంకాస్త బిగుసుకుంది.

"దొరికింది" అంది చిట్టి.

"ఎవరిది?"

నాది అనాలి. చిన్న మాట, నోటి చివరిదాకా వచ్చింది. వదిన కళ్ళు ఆ గోధుమరంగు అద్దాల వెనకనుంచి బతిమాలుతున్నాయి. అన్నయ్య మొహంలో కోపం లేదు, అలసట ఉంది. చెల్లెలి మీద గెలవాలని కూడా లేదు ఆయనకి, ఈ పీడ వదిలితే చాలు. చిట్టి వీపు వెనక దాచుకున్న ప్రింట్లు తన వేళ్ళ మధ్య నలిగిపోతున్నాయి.

"నేను చెప్పను. నువ్వే చూసి చెప్పు" అని సవరింపు లేని ప్రింటుని కౌంటర్ మీద పెట్టింది. "ఈ బల్బు కింద కాదు. వెలుతురులో చూడు."

"చిట్టీ!" అంది వదిన. చిట్టి ఆవిడ వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయం.

వెలుతురులో ప్రింటు చూడమంటే అన్నయ్యకి కొత్తేం కాదు, నాన్న నేర్పిన మొదటి పాఠమే అది. ముందు కిటికీ దగ్గరికి వెళ్ళి తెరచీర బర్రున లాగాడు. మధ్యాహ్నపు వెలుగు ఒక్కసారిగా కౌంటర్ దాకా వచ్చి పడింది. ప్రింటుని చేయి చాపి పట్టుకుని చూశాడు. చూసి, నిస్పృహగా నవ్వాడు.

"ఇదే కదా నేను మొత్తుకునేది! నీ తెర మీద ఉన్నట్టే ఉంది, సరే. కానీ మొహం చూడు, ఎంత పసుపో! ఇది మీ వదినలా ఉందా?"

"అట్ట చూడు అన్నయ్యా."

"అట్టకేం, అట్ట బాగానే..." అని ఆగాడు. కనుబొమలు ముడిపడ్డాయి. ప్రింటుని ఇంకాస్త వెలుగుకి తిప్పాడు. "కాలరు కూడా బాగానే ఉంది" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. ఆ పనిలో పుట్టి పెరిగినవాడు. చిట్టికి మెట్ల మీద తట్టింది ఆయనకి కిటికీ దగ్గర తట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. కానీ తట్టినదాన్ని మనసు లోపలికి రానివ్వడం లేదు. ప్రింటునే చూస్తున్నాడు, తల ఎత్తడం లేదు.

"దాన్ని వదిన పక్కన పెట్టి చూడు" అంది చిట్టి.

మెషిన్ గదిలోంచి రొద ఒక్కటే వినిపిస్తోంది, పొద్దున మొదలుపెడితే షాపు మూసేదాకా వినిపించే రొద. అప్పుడు వదిన తనంతట తనే కౌంటర్ వెనకనుంచి ఇవతలికొచ్చి, వెలుగులో నిలబడి, రెండు చేతులతో అద్దాలు తీసింది.

అన్నయ్య తల ఎత్తాడు. ప్రింటుని ఆవిడ చెంప పక్కకి తీసుకెళ్ళాడు. అది ఆయన కావాలని చేసిన పని కాదు, చేతికి అలవాటైన పని. మొహం నుంచి కాయితానికీ, కాయితం నుంచి మొహానికీ ఆయన కళ్ళు రెండు మూడుసార్లు తిరిగాయి.

రెండూ ఒకేలా ఉన్నాయి.

"ఏమండీ" అంది వదిన.

ఆయన ప్రింటుని నలగకుండా కౌంటర్ మీద పెట్టాడు. పెళ్ళాం భుజం మీద చేయి వెయ్యబోయి, వెయ్యకుండానే వెనక్కి తిరిగి, నిద్రలో నడిచేవాడిలా మెషిన్ గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి రొద ఆగిపోయింది. వదిన, చిట్టి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

లోపల్నుంచి గడియ పడింది.